బీరువాలో దాచిన మెగ్నీషియం ముక్క మీద పీహెచ్‌డీ చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో పీజీ పూర్తి చేసింది. పీహెచ్‌డీకి తీసుకుంటానన్న గైడ్ ఒక అంశం సూచించారు. తీవ్రంగా విరూపణ చేసిన, అంటే విపరీతమైన బలంతో రూపు మార్చిన మెగ్నీషియం మిశ్రమ లోహాలు గది ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి స్థిరంగా ఉంటాయా అన్నది తేల్చాలట. తను సంతోషంగానే ఉంది. నాకే టెన్షన్‌గా ఉంది. లోహపు ముక్కను గదిలో పెట్టి చూస్తూ కూర్చోవడం కూడా పరిశోధనేనా? ఇంత ఇరుకైన అంశంతో రేపు ఉద్యోగం వస్తుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అంశం మంచిది. కాకపోతే దీనికి అసలు ముడిసరుకు కాలం. ఆ కాలాన్ని గైడ్ ఎలా లెక్కేసుకున్నారో తెలుసుకున్నాకే మీ అమ్మాయి చేరాలి.

‘చూస్తూ కూర్చోవడం’ అన్నారు కదా, అక్కడి నుంచే వస్తాను. గదిలోని వేడి మనందరికీ ఒకటే అయినా లోహాలకు ఒకటి కాదు. అది ఏ వేడికి కరుగుతుందో దాన్ని బట్టి చూడాలి. మెగ్నీషియం 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 923 కెల్విన్ దగ్గర కరుగుతుంది. గది ఉష్ణోగ్రత సుమారు 298 కెల్విన్. అంటే మన గదిలో ఊరికే పడి ఉన్న మెగ్నీషియం, కరిగే వేడిలో దాదాపు మూడో వంతు దగ్గర ఉన్నట్టు. ఇనుముకు ఇదే లెక్క ఆరో వంతు, సీసానికి సగం. సీసాన్ని ఎంత కొట్టినా గట్టిపడదు. దెబ్బల వల్ల లోపల కలిగిన మార్పు గది వేడికే మానిపోతుంది. మెగ్నీషియం ఈ రెండింటికీ మధ్యలో ఉంది కాబట్టే దాని విషయంలో జవాబు ముందుగా చెప్పలేం.

ఇప్పుడు ‘తీవ్ర విరూపణ’ సంగతి. లోహం లోపల చిన్న చిన్న స్ఫటికాలుంటాయి, వాటిని గ్రెయిన్లు అంటారు. అవి ఎంత చిన్నవైతే లోహం అంత బలంగా ఉంటుందని 1950ల మొదట్లోనే హాల్, పెచ్ అనే ఇద్దరు విడివిడిగా చూపించారు. గ్రెయిన్లను బాగా చిన్నవి చేయడానికి ఒక దారి, కడ్డీని మోచేయిలా వంగిన రంధ్రంలోంచి మళ్లీ మళ్లీ నెట్టడం. ఇంకో దారి, నాణెం లాంటి బిళ్లను కొన్ని గిగాపాస్కల్‌ల ఒత్తిడితో (ఒక్కో గిగాపాస్కల్ గాలి ఒత్తిడికి దాదాపు పదివేల రెట్లు) నొక్కిపట్టి మెలితిప్పడం. మెగ్నీషియం చల్లగా ఉన్నప్పుడు వంచితే పగులుతుంది. అందుకే మొదటి పద్ధతిలో సాధారణంగా 200 డిగ్రీలో అంతకుమించో వేడి చేస్తారు. రెండోదాంట్లో అంత ఒత్తిడి పగుళ్లను ఆపుతుంది కాబట్టి గది ఉష్ణోగ్రతలోనే పని జరుగుతుంది. అలా తయారైన బిళ్లలో బోలెడంత శక్తి, స్ఫటికాల అమరికలో వచ్చిన లోపాల రూపంలో నిలిచిపోతుంది. ఆ శక్తిని వదిలించుకోవాలని లోహం చూస్తూనే ఉంటుంది. శుద్ధ మెగ్నీషియాన్ని ఇలా మెలితిప్పినా గ్రెయిన్లు ఒక మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు) దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే అవి అప్పటికప్పుడే మళ్లీ పెరుగుతాయి. అదే 3 శాతం అల్యూమినియం, 1 శాతం జింక్ ఉన్న ఏజెడ్31 అనే మెగ్నీషియం మిశ్రమంలో అవి 100 నుంచి 200 నానోమీటర్ల దాకా చిన్నవవుతాయి. కలిపిన లోహాల పరమాణువులు గ్రెయిన్ల సరిహద్దుల్లో చేరి వాటిని కదలకుండా పట్టి ఉంచడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఆ పట్టు ఎన్నేళ్లుంటుంది? మీ అమ్మాయి తేల్చాల్సింది అదే. నాకైతే ఈ ప్రశ్న చాలా ఇష్టం.

మార్పు ఎప్పుడూ మెత్తబడటమే కానక్కర్లేదు. 1906లో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ ఒక అల్యూమినియం మిశ్రమాన్ని వేడిచేసి చల్లార్చి వదిలేస్తే, కొన్ని రోజులకు అది ముందుకన్నా గట్టిపడింది. విమానాల తయారీకి పనికొచ్చిన డ్యూరాలుమిన్ అలా పుట్టిందే. పక్కన పెట్టిన ముక్కను మళ్లీ కొలిచి చూడటం తీసిపారేయాల్సిన పనేం కాదమ్మా. ఎముకలో బిగించే, క్రమంగా శరీరంలోనే కరిగిపోయే మెగ్నీషియం స్క్రూ ఒకటి ప్యాకెట్‌లో రెండేళ్లు ఉండవచ్చు. డాక్టరు దాన్ని బిగించే రోజుకు మొదటి బలం ఉందో లేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇక కాలం లెక్క. ఇలాంటి మార్పులు మొదట్లో త్వరగా, తర్వాత నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి కొలతలు 1, 10, 100, 1000 రోజులకు ఉంటే సరిపోతుంది. వెయ్యి రోజులంటే రెండేళ్ల తొమ్మిది నెలలు. మొదటి ఆరు నెలల్లో నమూనాలు తయారైతే పీహెచ్‌డీలో ఇది హాయిగా పడుతుంది. రెండో ఏడాది చివరికి తయారైతే పట్టదు. ‘వేడి చేసి త్వరగా తేల్చేద్దాం’ అని ఎవరైనా అంటే కొంతవరకే ఒప్పుకోవాలి. 150 డిగ్రీల దగ్గర లోపల జరిగేది, గదిలో జరిగేది ఒకటే అన్న హామీ లేదు.

గైడ్‌ను మీ అమ్మాయి అడగాల్సింది కూడా ఇక్కడే ఉంది. ఆ ల్యాబ్‌లో తయారీ తేదీ రాసి దాచిన పాత నమూనాలు ఉన్నాయా? వాటి మొదటి రోజు కొలతలు ఎక్కడున్నాయి? గది ఉష్ణోగ్రతను రోజూ నమోదు చేశారా? వేసవిలో ఏసీ ఆగిన గది, చలికాలపు గది ఒకటి కావు. కాఠిన్యం కొలిచే యంత్రాన్ని ప్రామాణిక దిమ్మెతో ప్రతిసారీ సరిచూస్తారా? చూడకపోతే మూడేళ్లలో యంత్రంలో వచ్చిన తేడాను లోహంలో వచ్చిన తేడా అనుకునే ప్రమాదం ఉంది. మెలితిప్పిన బిళ్లలో నడుమ ఒక కాఠిన్యం, అంచున ఒకటి ఉండొచ్చు. కాబట్టి ప్రతిసారీ కేంద్రం నుంచి ఒకే దూరంలో కొలవాలి. పోలిక కోసం కొన్ని ముక్కలను ఫ్రీజర్‌లో ఉంచే ఆలోచన ఉందా అనీ అడగమనండి. మెగ్నీషియం పొట్టుకు నిప్పంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా పెరుగుతుంది. ఆ మంటకు తగిన పొడి ల్యాబ్‌లో ఉందో లేదో కూడా కనుక్కోవాలి.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. సరిగ్గా ఈ అంశం పేరుతో ఉద్యోగాలు తక్కువ, ఉన్నా ఎక్కువగా పరిశోధన సంస్థల్లోనే. మెలితిప్పిన బిళ్ల సెంటీమీటరంత ఉంటుంది, దాంతో కారు భాగం చేయలేం. కానీ తను నేర్చుకునే పనికి చాలా చోట్ల గిరాకీ ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద సొంతంగా పనిచేయడం, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో లోపాల సాంద్రత లెక్కగట్టడం, కొలతలో పొరపాటు ఎంతుందో చెప్పగలగడం కావాలనుకునే పరిశ్రమలు తేలికపాటి లోహాలవే కాదు. చిప్‌లలో వాడే ఎలక్ట్రోప్లేటింగ్ రాగి పొర కూడా గది ఉష్ణోగ్రతలోనే గంటల్లో, రోజుల్లో తన గ్రెయిన్లను పెంచుకుంటుంది. ఆ పరిశ్రమకు ఇది బాగా తెలిసిన సమస్య.

అందుకే నా సలహా: మైక్రోస్కోపు తన చేతికే ఇస్తారా, లేక ఆపరేటర్‌కు నమూనా ఇచ్చి బొమ్మలు తెచ్చుకోవాలా అన్నది చేరకముందే తేల్చుకోమనండి. బొమ్మలు తెచ్చుకోవడమే అయితే ఇంకో గైడ్‌ను చూసుకోవడం మంచిది. ఒకవేళ చేరితే, నమూనాలు నిలవున్న ఆ మూడేళ్లలో పూర్తయ్యే రెండో పని, ఉదాహరణకు తుప్పు మీదో, పదేపదే బలం పడితే లోహం బలహీనపడే ‘అలసట’ మీదో, మొదటి ఏడాదే మొదలుపెట్టేలా గైడ్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోమనండి.