ఇమ్యునోథెరపీ రీసెర్చ్‌లోకి వెళ్తానంటున్న అమ్మాయి: లక్ష పోసి కోర్సు చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఫార్మ్-డి ఐదో సంవత్సరం పూర్తి చేసింది. ఇక ఇంటర్న్‌షిప్ మొదలవుతుంది. కేన్సర్ ఇమ్యునోథెరపీ మీద క్లినికల్ రీసెర్చ్‌లోకే వెళ్తానని పట్టుబట్టింది. అమీర్‌పేటలో ఓ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకు లక్షా ఇరవై వేలు కడితే ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా? మనుషుల మీద ప్రయోగాలు చేసే ఉద్యోగం మనకెందుకని వాళ్లమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. – ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: ముందు డబ్బు సంగతి. కట్టకండి. మందులను మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్‌లో పనిచేసేవాళ్లకు తప్పనిసరి అయిన గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ నియమాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో హెల్త్ రీసెర్చ్ మీద కోర్సు పెట్టింది, అదీ చూడమనండి. ఫార్మ్-డి చదివిన పిల్లకు ఇంకో ఆరు నెలల క్లాసులు అక్కర్లేదు. కావలసింది పేషెంట్ల మధ్య గడిపిన కాలం, ఆ అవకాశం ఇంటర్న్‌షిప్ రూపంలో ఎదురుగానే ఉంది. కాలేజీ వాళ్లను ఎలాగైనా ఒప్పించి కొన్ని వారాలైనా ఆంకాలజీ (కేన్సర్ విభాగం) పోస్టింగ్ వేయించుకోమని చెప్పండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మందుల తీరే వేరు. కీమో నేరుగా కణాలను చంపుతుంది. ఇమ్యునోథెరపీలో ఎక్కువగా వాడే మందులు అలా కాదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే టి-కణాలకు సహజంగానే బ్రేకులుంటాయి, కేన్సర్ వాటిని తనకు అనుకూలంగా వాడుకుంటుంది. ఆ బ్రేకు తీస్తే టి-కణాలే కేన్సర్ మీద పడతాయని చూపించినందుకు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అయితే బ్రేకు తీసిన కణాలు ఒక్కోసారి పేగుల మీద, ఊపిరితిత్తుల మీద, థైరాయిడ్ మీద కూడా పడతాయి. మొదటి డోసులకే పడొచ్చు, మందు ఆపేసిన కొన్ని నెలలకూ పడొచ్చు.

ట్రయల్‌లో ఉన్న పేషెంట్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాన్ని కోఆర్డినేటర్ అంటారు. మీ అమ్మాయి చేయబోయే ఆ పని ఎక్కువగా దీని చుట్టూనే ఉంటుంది. నల్గొండ పేషెంటుకు ఫోన్ చేస్తే, "ఏం లేదమ్మా, పెళ్లిలో తిన్నది పడలే, కడుపు జర ఖరాబైంది" అంటాడు. సరేనని పెట్టేయకూడదు. మామూలుగా రోజుకు ఎన్నిసార్లు వెళ్తారు, ఇప్పుడెన్నిసార్లు, రాత్రిపూట లేవాల్సి వస్తోందా, రక్తం పడుతోందా అని అడగాలి. మామూలు కంటే నాలుగు నుంచి ఆరుసార్లు ఎక్కువైతే తీవ్రతలో గ్రేడ్ 2, ఏడు అంతకు మించితే గ్రేడ్ 3. ఆ లెక్కను బట్టే తర్వాతి డోసు ఆపాలా, స్టిరాయిడ్లు మొదలుపెట్టాలా అని డాక్టర్ నిర్ణయిస్తారు. పెళ్లి భోజనం మాట నమ్మి ఊరుకుంటే పేగుకు చిల్లు పడేదాకా రావచ్చు. పెద్దాయన సిగ్గుపడకుండా నిజం చెప్పేలా, అదీ ఆయన మాటలోనే అడగడం ఏ క్లాసులోనూ రాదు. పేషెంట్ల దగ్గర రోజూ మాట్లాడితేనే వస్తుంది.

మన దగ్గర ఈ రీసెర్చ్ ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చెబుతాను. టి-కణాల బ్రేకు తీసే ఇంజెక్షన్లలో ఒకటైన నివోలుమాబ్ మామూలు డోసు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ఆ ఖర్చు మనవాళ్లలో చాలామందికి ఇల్లు అమ్ముకున్నా చాలదు. ముదిరిన తల, గొంతు కేన్సర్ ఉన్న 151 మందితో ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ట్రయల్ చేశారు. కొందరికి మూడు రకాల మాత్రలు మాత్రమే, మిగతావారికి వాటితోపాటు మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చారు. ఏడాది తర్వాత మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో 16.3 శాతం, ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్లలో 43.4 శాతం బతికున్నారు. గుట్కా, పొగాకు ఇంతగా నమిలే దేశంలో తక్కువ డోసు కూడా పనిచేస్తుందా అనే ప్రశ్న మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? మీ అమ్మాయి ఇలాంటి పనిలోకి వెళ్తానంటోంది. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇక వాళ్లమ్మగారి భయం. అది సహజమే, తేలిగ్గా తీసేయకండి. 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ రూల్స్ సంగతి ఆవిడకు చెప్పండి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ట్రయల్ మొదలవదు. పేషెంటుకు అర్థమయ్యే భాషలో అంతా వివరించి సంతకం తీసుకోవాలి. చదువు రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల వైద్యం ఆగదు. ప్రాణం మీదికి తెచ్చేదేదైనా జరిగితే 24 గంటల్లో రిపోర్ట్ వెళ్లాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం కూడా. ఇవన్నీ కాగితం మీదే మిగిలిపోకుండా చూసేవాళ్లలో మీ అమ్మాయి ఒకరవుతుంది.

దారి విషయానికొస్తే, మన దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో మందు పేరు కొట్టి వెతకమనండి. ఏ ట్రయల్ ఏ ఆసుపత్రిలో, ఏ డాక్టర్ కింద నడుస్తోందో కనిపిస్తుంది. హైదరాబాద్ ఆసుపత్రులు ఉన్నవాటిని ఏరుకుని నేరుగా రెజ్యూమె పంపాలి. కోఆర్డినేటర్లను ఆసుపత్రులకు సరఫరా చేసే సైట్ మేనేజ్‌మెంట్ సంస్థలకూ పంపాలి. మొదట్లో జీతం తక్కువే. హైటెక్ సిటీలో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే) డెస్క్ ఉద్యోగంలో చేరిన ఫ్రెండ్స్‌కు ఎక్కువ రావచ్చు, అప్పుడు అమ్మాయి మనసు చలిస్తుంది. ఇంటి అవసరాలు మరీ గట్టిగా లేకపోతే రెండేళ్లు ఆసుపత్రిలోనే ఉండనివ్వండి. తర్వాత ఆసుపత్రుల్లో ట్రయల్స్ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్‌గా, సేఫ్టీ విభాగంలోకి, మెడికల్ రైటింగ్‌కి ఎటైనా వెళ్లొచ్చు. అసోసియేట్ అయితే ఊళ్లు తిరగాలి, ముందే చెబుతున్నాను. టి-కణాలను ల్యాబ్‌లో మార్చే కార్-టి లాంటి పని మీద ఆశ ఉంటే మాత్రం అది పీహెచ్‌డీ దారి, దాని గురించి విడిగా మాట్లాడుకోవాలి.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు రెండు విషయాలు తప్పక అడగమనండి: ఒక్కో కోఆర్డినేటర్‌కు ఎన్ని ట్రయల్స్ అప్పగిస్తారు, సెలవు పెడితే ఆ పేషెంట్ల ఫోన్లు ఎవరు ఎత్తుతారు? దీనికి సూటిగా జవాబు రాని చోట చేరకపోవడమే మంచిది. బాండ్ రాయమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామన్నా ఒప్పుకోవద్దు.