ఆలైల్‌అమీన్ పూత నీళ్లలో నిలవాలంటే

అమ్మాయ్, ఆశీస్సులు.

కణాలు పెంచే పాలిస్టైరిన్ ప్లాస్టిక్ డిష్‌లకు ఆలైల్‌అమీన్ ప్లాస్మా పూత (ఆ ద్రవపు ఆవిరిని విద్యుత్‌తో ప్లాస్మాగా మార్చి పలుచటి పొరగా పేర్చేది) వేయబోతున్నానని రాశావు. కణాలు అంటుకుంటాయా లేదా అన్నది తర్వాతి మాట. ముందు ఆ పూత నీళ్లలో నిలవాలి.

లీకు చూడందే మోనోమర్, అంటే పూతకు మూలమైన ఆలైల్‌అమీన్, తెరవకు. పూత వేసే రియాక్టర్‌లో ఒత్తిడిని 0.001 మిల్లీబార్‌కు దింపి, పంపు వాల్వు మూసి, నిమిషంలో ఒత్తిడి ఎంత పెరిగిందో రాసుకో. మోనోమర్‌ను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, గడ్డ పైన మిగిలిన గాలిని పంపుతో లాగేసి, కరిగించు. ఇలా మూడుసార్లు చేశాక లోపలికి వదిలి అదే కొలత తియ్యి. మొదటి పెరుగుదల రెండోదానిలో నూరోవంతు దాటితే ఓ-రింగులు విప్పి తుడువు. చొరబడ్డ గాలి పూతలో ఆక్సిజన్‌గా తేలుతుంది. పంపుకు ముందు ఆవిరిని గడ్డకట్టించి పట్టుకునే ట్రాప్ ద్రవ నైట్రోజన్‌లో ఉండగా మాత్రం రియాక్టర్‌లోకి గాలి వదలకు తల్లీ. ఆక్సిజన్ ద్రవమై ఆలైల్‌అమీన్‌తో కలిస్తే పేలవచ్చు. ట్రాప్‌ను ఫ్యూమ్ హుడ్‌లోనే కరిగించు, ఆ ఆవిరి విషం.

ఇక పవర్. ప్లాస్మాను రగిలించే 13.56 మెగాహెర్ట్జ్ విద్యుత్ సరఫరా, చిన్న గాజు గొట్టం అయితే 5 వాట్ల దగ్గర మొదలుపెట్టు. తక్కువ పవర్‌లో అమీన్లు (పూతలో మనకు కావలసిన నైట్రోజన్ గుంపులు) బాగా మిగులుతాయి, కానీ గొలుసుల మధ్య ముడులు చాలక పూత జిగటగా ఉండి కరిగిపోతుంది. ఎక్కువైతే గట్టిపడుతుంది, అమీన్లు చితికిపోతాయి. పవర్ ఒక్కటే చూస్తే సరిపోదు, ప్రవాహంతో దాని నిష్పత్తి చూడాలి. ప్రవాహం సగమైతే ఒక్కో అణువుకు అందే శక్తి రెట్టింపవుతుంది. పవర్ ఆపాక మోనోమర్‌ను మరో 5 నిమిషాలు పారనివ్వు, పూతలో మిగిలిన రాడికల్స్ (తొందరగా చర్య జరిపే అణు ముక్కలు) చల్లారతాయి.

ప్రతి బ్యాచ్‌లో ఒక సిలికాన్ ముక్క పెట్టు. కాంతితో పలుచటి పొరను కొలిచే ఎలిప్సోమీటర్‌తో మందం కొలిచి, 37 డిగ్రీల బఫర్ ద్రావణంలో 24 గంటలు నానబెట్టి, కడిగి, ఆరబెట్టి మళ్లీ కొలువు. 30 నానోమీటర్ల పూతలో 3 కన్నా ఎక్కువ పోతే పవర్ కొంచెం పెంచు. ఈ పరీక్ష దాటని బ్యాచ్ మీద కణాలు వృథా చేయకు.

స్టెరిలైజేషన్‌కు యూవీ చాలు, ఆటోక్లేవ్ వద్దు, పాలిస్టైరిన్ వంకరపోతుంది. కణాలు పెంచే ద్రవంలో సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) ఉంటే అందులోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే ప్రోటీన్లు ముందుగా పూతను పట్టుకుంటాయి, కణాలు వాటికి అంటుకుంటాయి. అందుకే సీరంతోనూ సీరం లేకుండానూ రెండూ చూడు. పోలికకు పక్కన పూత లేని డిష్, మామూలు కల్చర్ డిష్ తప్పనిసరి.

పూత వేసిన తేదీ ప్రతి డిష్ మూత మీద రాయి. గాలిలో అమీన్లు మెల్లగా అమైడ్లు అనే వేరే గుంపులవుతాయి. నిన్నటి డిష్‌నూ నెలనాటి డిష్‌నూ ఒకే ప్రయోగంలో కలపకు.