తక్కువ ధర పుస్తకంలో అచ్చుతప్పులు ఉంటే సర్దుకోవాలా?

రచయిత సొంతంగా వేసుకున్న చవక ఈ-పుస్తకంలో తప్పులుంటే ఫిర్యాదు చేయడం న్యాయమేనా అన్నది మీ ప్రశ్న. కొంతవరకు న్యాయమే.

అసలు తప్పుల్లేని పుస్తకం అరుదు. అరవై వేల మాటల నవలలో వెయ్యికి ఒకటి చొప్పున జారినా 60 తప్పులు. పెద్ద సంస్థల పుస్తకాల్లోనూ నాలుగైదు దొరుకుతాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ పేజీకి రెండు మూడు తగిలితే కథ పక్కకుపోయి, కన్ను తప్పులే వెతకడం మొదలుపెడుతుంది. మూడో అధ్యాయంలో సరళ ఏడో అధ్యాయానికి సరోజ అయిపోతే ఇక చెప్పక్కర్లేదు. ధర తక్కువే, కానీ పాఠకుడి సమయం చవక కాదు కదా!

రచయిత వైపూ చూడాలి. మంచి ప్రూఫ్‌రీడర్‌కి ఇచ్చే డబ్బు చాలామందికి అమ్మకాల్లో తిరిగి రాదు. స్పెల్‌చెక్ 'కల'కు బదులు పడ్డ 'కళ'ను పట్టుకోదు, రెండూ సరైన మాటలే. సొంత రాతలో మనసు ఉన్నది కాక, ఉండాల్సింది చదువుతుంది. కొన్నాళ్లు పక్కనపెట్టి, ఫాంట్ మార్చి, పైకి చదివితే చాలా తప్పులు కంటపడతాయి. దానికి పైసా ఖర్చు లేదు, అందుకే ఆ మాత్రం కూడా చేయనివాళ్లని నేను వెనకేసుకురాను.

కొనేముందు ఉచిత నమూనా చదవండి. కిండిల్‌లో అయితే తప్పును ఎంచుకుని నేరుగా రిపోర్ట్ చేయొచ్చు. ఈ-పుస్తకం కాబట్టి రచయిత దిద్ది మళ్లీ ఎక్కించగలడు.