జార్జియా దేశ రాజధాని టిబిలిసి పేరుకు అర్థం ఏమిటి? ఆ నగరం ప్రత్యేకత ఏమిటి?

జార్జియన్ భాషలో ‘త్బిలి’ అంటే వెచ్చని అని అర్థం. 5వ శతాబ్దంలో వఖ్తాంగ్ గోర్గసాలి రాజు వేటాడిన పక్షి వేడినీటి ఊటలో పడిందనీ, అది చూసి అక్కడే నగరం కట్టించాడనీ ఐతిహ్యం. కథ మాటెలా ఉన్నా ఊటలు నిజం: అబానోతుబాని పేటలో ఇటుక గుమ్మటాల కింద గంధకపు నీటి స్నానశాలలు నేటికీ నడుస్తున్నాయి.

1795లో పర్షియా పాలకుడు ఆగా మహమ్మద్ ఖాన్ నగరాన్ని నేలమట్టం చేశాడు. అందుకే పాత పేటలో మనసు దోచే చెక్క వసారాల ఇళ్లలో చాలా భాగం 19వ శతాబ్దానివే.

నన్ను అన్నిటికన్నా కదిలించేది మరొకటి. జార్జియన్, ఆర్మేనియన్ చర్చిలు, యూదుల ప్రార్థనామందిరం, మసీదు అక్కడ నడక దూరంలోనే ఉన్నాయి. ఆ మసీదులో సున్నీలు, షియాలు ఒకే కప్పు కింద నమాజు చేస్తారు.