3060 12 జీబీ తీసుకోవాలా, 4060 8 జీబీ తీసుకోవాలా? రెండూ వాడినవాడిగా చెప్తున్నా

మీ డౌట్ ఏంటంటే, ఈ రెండు ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 3060 లో కోర్లు ఎక్కువ, మెమరీ ఎక్కువ, బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య డేటా వెళ్ళే దారి) కూడా పెద్దది, మరి అందరూ 4060 నే ఫాస్ట్ అంటారేంటి, నేను 1080పీ లో గేమ్స్ ఆడతా, బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) వాడతా, ఇంట్లోనే ఏఐ మోడల్స్ రన్ చేసి చూడాలని ఉంది, ఏది తీసుకోవాలి అని. నా పీసీలో 3060 12 జీబీ ఉంది, మా తమ్ముడి దాంట్లో 4060 ఉంది. రెండు కార్డులూ ఒకే మదర్‌బోర్డులో మార్చి మార్చి పెట్టి వాడాం కాబట్టి తేడా ఎక్కడ తెలుస్తుందో, ఎక్కడ తెలీదో చెప్పగలను.

ముందు కోర్ల సంగతి. 3060 లో 3584 క్యూడా కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 4060 లో 3072. ఈ నంబర్ ఒక్కటే చూస్తే పాతదే పెద్దది అనిపిస్తుంది, కానీ ఆ కోర్లు ఎంత స్పీడ్‌లో తిరుగుతున్నాయో కూడా చూడాలి కదా. 3060 బూస్ట్ క్లాక్ 1777 మెగాహెర్ట్జ్, 4060 ది 2460. కోర్లని క్లాక్‌తో గుణించి, ఒక్కో కోర్ క్లాక్‌కి రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి మళ్ళీ రెండుతో గుణిస్తే 3060 కి 12.7 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు), 4060 కి 15.1 వస్తాయి, అంటే 4060 దగ్గర దగ్గర 19 శాతం ఎక్కువ. మేము ఆడిన గేమ్స్‌లో కూడా 1080పీ లో ఇంచుమించు ఆ తేడానే కనిపించింది. వేరే వేరే జనరేషన్ల కార్డుల్ని కోర్ల సంఖ్యతో పోల్చొద్దు అనేది అందుకే. 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, శామ్‌సంగ్ 8 నానోమీటర్ ప్రాసెస్‌లో. 4060 వచ్చింది 2023 జూన్‌లో, టీఎస్ఎంసీ 4ఎన్ ప్రాసెస్‌లో. అంత క్లాక్‌లో తిరిగి కూడా 4060 పవర్ లిమిట్ 115 వాట్లే, 3060 కి 170. రెండిటికీ 550 వాట్ల పవర్ సప్లై చాలు అని ఎన్‌విడియానే చెప్తుంది, కానీ వేడీ ఫ్యాన్ సౌండూ మాత్రం 4060 పెట్టినప్పుడు బాగా తగ్గాయి, చిన్న క్యాబినెట్ అయితే ఇది నిజంగా పెద్ద ప్లస్.

ఇంక బస్. 3060 ది 192 బిట్, సెకనుకి 360 జీబీ బ్యాండ్‌విడ్త్. 4060 ది 128 బిట్, 272 జీబీ. ఇంత తగ్గించి కూడా ఎలా గెలుస్తుందంటే ఎల్2 క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న ఫాస్ట్ మెమరీ) వల్ల, 3060 లో అది 3 ఎంబీ ఉంటే 4060 లో 24 ఎంబీ పెట్టారు, మళ్ళీ మళ్ళీ కావాల్సిన డేటా చిప్‌లోనే దొరికేస్తే మెమరీ దాకా వెళ్ళే పనే తగ్గుతుంది. 1080పీ లో ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది, రిజల్యూషన్ పెంచేకొద్దీ క్యాష్‌లో పట్టనిది ఎక్కువైపోయి ఆ లాభం కరుగుతూ వస్తుంది.

అసలు మీరు చూడాల్సింది మాత్రం 8 జీబీకి లోపల ఉన్నామా బయట ఉన్నామా అని, మిగతా స్పెసిఫికేషన్లన్నీ దీని తర్వాతే. మెమరీ సరిపోయినంతసేపు 4060 ముందుంటుంది, సరిపోకపోతే కాస్త స్లో అవ్వడం కాదు, ఒక్కసారిగా పడిపోతుంది. ఎందుకంటే కార్డ్‌లో పట్టనిది సిస్టమ్ ర్యామ్‌లోకి వెళ్ళి పీసీఐఈ స్లాట్ (మదర్‌బోర్డులో కార్డ్ పెట్టే చోటు) గుండా రావాలి, ఆ స్లాట్‌లో డేటా వెళ్ళే దారుల్ని లేన్లు అంటారు, 4060 వాడేది 8 లేన్లే, 3060 కి 16. మీ బోర్డు పీసీఐఈ 3.0 అయితే ఆ 8 లేన్లలో సెకనుకి 8 జీబీ కూడా నిండుగా రాదు, పైన చెప్పిన 272 పక్కన ఇది ఎంత తక్కువో చూడండి. బోర్డు పాతదైతే ముందు ఇది కనుక్కోండి, దీని గురించి ఎవరూ చెప్పరు.

గేమ్‌లో ఇది యావరేజ్ ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి వచ్చే ఫ్రేములు) కనపడదు. యావరేజ్ బాగానే ఉంటుంది కానీ తల తిప్పినప్పుడు, కొత్త ఏరియాలోకి వెళ్ళినప్పుడు ఆగి ఆగి కదులుతుంది, అందుకే రివ్యూల్లో 1 శాతం లోస్ అని ఇచ్చే నంబర్, అంటే అన్నిటికంటే స్లోగా వచ్చిన 1 శాతం ఫ్రేముల స్పీడ్, చూడమంటా. కొన్ని గేమ్స్ అయితే ఆగకుండా టెక్స్చర్లే (వస్తువుల మీద అతికించే బొమ్మలు) చెప్పాపెట్టకుండా తగ్గించేస్తాయి, ఎఫ్‌పీఎస్ గ్రాఫ్‌లో రెండు కార్డులూ బాగానే ఉంటాయి, స్క్రీన్ మీద మాత్రం ఒకదాంట్లో గోడలు మసక మసకగా ఉంటాయి. ఇప్పుడు మీ దగ్గరున్న కార్డ్‌తోనే చెక్ చేసుకోవచ్చు, విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, జీపీయూ ఓపెన్ చేస్తే డెడికేటెడ్, షేర్డ్ అని రెండు మెమరీ గ్రాఫులు ఉంటాయి, డెడికేటెడ్ నిండిపోయి షేర్డ్ పైకి ఎక్కుతుంటే మీ పని ఆ కార్డ్‌లో పట్టట్లేదని అర్థం.

డీఎల్ఎస్ఎస్ అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెంచి చూపించే ఎన్‌విడియా పద్ధతి) రెండిట్లోనూ ఉంది, డీఎల్ఎస్ఎస్ ఫ్రేమ్ జనరేషన్ (ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు పుట్టించి చేర్చడం) మాత్రం ఈ రెండిట్లో 4060 లోనే. అది బాగుంటుంది, కాకపోతే ముందే 60 దగ్గర్లో వస్తుంటేనే బాగుంటుంది, 30 ని 60 చేసి చూపిస్తే కళ్ళకి స్మూత్‌గా ఉన్నా చేతికి ఆ లేట్ తెలిసిపోతుంది. పైగా అది కూడా మెమరీ తింటుంది. వీడియోలు రికార్డ్ చేసేవాళ్ళకైతే 4060 లో ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌లో ఎన్‌కోడింగ్ ఉంది, 3060 లో దాన్ని ప్లే చేయడం వరకే.

బ్లెండర్‌లో సీన్ మెమరీలో పడితే 4060 రెండర్ స్పష్టంగా త్వరగా అయిపోతుంది, ఇందులో డౌట్ లేదు. నేను మాత్రం చెట్లూ 4కే టెక్స్చర్లూ నింపిన సీన్లు చేస్తాను, అవి 9, 10 జీబీ అలవోకగా దాటేస్తాయి, వాటికి 4060 పెట్టి చూస్తే మెమరీ లేదని ఆగిపోవడమో, పాకడమో. ప్రోడక్ట్ రెండర్లు, చిన్న రూమ్ సీన్లు చేసేవాళ్ళకి ఈ గొడవ ఉండదు.

లోకల్ ఏఐ దగ్గర మాత్రం నేను తడుముకోకుండా 3060 అంటా. 4 బిట్‌కి కుదించిన 7బీ, 8బీ మోడల్ (బీ అంటే బిలియన్, మోడల్‌లో ఉండే పారామీటర్ల సంఖ్య) 5 జీబీ దగ్గర ఉంటుంది కాబట్టి రెండిట్లోనూ పడుతుంది. అదే 13బీ మోడల్ ఒక్కటే 7 నుంచి 8 జీబీ, దాని మీద కాంటెక్స్ట్‌కి (మోడల్ గుర్తుపెట్టుకోవాల్సిన అప్పటిదాకా ఉన్న టెక్స్ట్) కూడా చోటు కావాలి, 8 జీబీలో ఇంక ఎక్కడుంటుంది? ఇంకో విషయం, టెక్స్ట్ రాసేటప్పుడు ప్రతి టోకెన్‌కీ (పదం లేదా పదం ముక్క) మోడల్ మొత్తం మెమరీ నుంచి చదవాలి, అక్కడ 24 ఎంబీ క్యాష్ ఏమీ చేయలేదు, సెకనుకి 360 జీబీ ఉన్న కార్డ్‌కే పని సులువు. గేమ్స్‌లో వెనకపడిన 3060 ఇక్కడ వెనకపడకపోవడానికి కారణం అదే.

మీరు చెప్పిన మూడిట్లో గేమ్స్ ఒక్కటే సీరియస్, మిగతావి సరదాకి అయితే 4060 తీసుకోండి, రోజూ ఆ తేడా అనుభవిస్తారు. ఏఐ, పెద్ద సీన్లు నిజంగా చేస్తానంటే 3060 నే, గేమ్స్‌లో ఆ 19 శాతం సెట్టింగ్స్ కాస్త తగ్గించి సర్దుకోవచ్చు కానీ లేని మెమరీని ఎక్కణ్ణించి తెస్తాం. 3060 కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త, 2022 చివర్లో ఇదే పేరుతో 8 జీబీ వెర్షన్ ఒకటి వచ్చింది, దానికి 128 బిట్ బస్, బ్యాండ్‌విడ్త్ 240 జీబీనే, నేను పైన చెప్పిన లాభాలు ఏవీ దాంట్లో ఉండవు. బాక్స్ మీద 12 జీబీ, 192 బిట్ అని చూసుకున్నాకే డబ్బులు కట్టండి.