కొత్త రేకు వేయించినా పికప్ క్యాబిన్‌లో మళ్లీ తడి: సమాధానం

ఫ్లోర్‌కు కొత్త రేకు వేయించినా వానకు మ్యాట్ కింద తడి చేరుతోందంటే, నీళ్లు ఎక్కువగా ముందు అద్దం రబ్బరు దగ్గరే దిగుతుంటాయండి.

1. సీటు, మ్యాట్ తీసేయండి. లోపల ఒకరు టార్చితో చూస్తుంటే, బయట పైపుతో కింద నుంచి పైకి నీళ్లు పట్టండి: తలుపులు, వైపర్ల కింద జాలీ, ఆఖర్న అద్దం.

2. అద్దం దగ్గరే కారితే కొత్త రబ్బరొక్కటే చాలదు. అందరూ వదిలేసేది ఇక్కడే. రబ్బరు కూర్చునే రేకు అంచు తుప్పుతో గుంటలు పడి ఉంటుంది, ఎంత మంచి రబ్బరైనా దానికి అతుక్కోదు. అద్దం దింపి, రేకు మెరిసేదాకా గీకి, చిల్లులు వెల్డ్ చేయించి, ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు రాకుండా వేసే అడుగు రంగు) రెండు పూతలు, పైన పెయింట్. పూర్తిగా ఆరాకే రబ్బరు ఎక్కించండి.

3. మ్యాట్ కింద పాత జనపనార ఫెల్ట్ (మందపాటి పీచు పరుపు) మళ్లీ వేయకండి. కోనసీమ చెమ్మకు అది ఆరదు, కొత్త రేకునూ తినేస్తుంది.