ఫ్లోర్ హీటింగ్ పైపుల మీద ఏ స్క్రీడ్ వేయాలి?

ఫ్లోర్ హీటింగ్ (నేలలోని పైపుల్లో వేడి నీరు పారించి గదిని వెచ్చబరచడం) పెడుతుంటే, పైపులను కప్పుతూ వేసే పొరకు, అంటే స్క్రీడ్‌కు, సిమెంట్-ఇసుక స్క్రీడ్ మంచిదా, ద్రవంగా పోసే కాల్షియం సల్ఫేట్ స్క్రీడ్ మంచిదా అని అడిగారు. ముందు గది ఎలాంటిదో చూడండి. బాత్రూమ్‌లా తడి ఉండే చోట సిమెంటే నయం. కాల్షియం సల్ఫేట్‌కు నీరు పడదు, తడి నిలిస్తే మెత్తబడుతుంది.

పొడి గదుల్లో మాత్రం నా ఓటు ద్రవ స్క్రీడ్‌కే. అది పైపుల చుట్టూ గాలి సందులు లేకుండా సర్దుకుంటుంది కాబట్టి వేడి బాగా అందుతుంది. ఇన్సులేషన్ (వేడి కిందికి పోకుండా ఆపే పొర) మీద సుమారు 50 మి.మీ. మందం చాలు. సిమెంట్‌కైతే 65 నుంచి 75 మి.మీ. కావాలి. మందం పెరిగేకొద్దీ నేల నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. రోజంతా వాడే భవనానికి అది ఇబ్బంది కాదు. అప్పుడప్పుడు వాడే హాలుకు పలచటి పొరే మేలు.

కింద ఇన్సులేషన్, గోడల వెంట అంచు పట్టీ (వేడికి స్క్రీడ్ వ్యాకోచించేందుకు చోటిచ్చే మెత్తటి పట్టీ) తప్పనిసరి.

చాలామంది తొందరపడేది ఆరబెట్టడంలోనే. దయచేసి ఆగండి. హీటింగ్ మొదలుపెట్టడానికి సిమెంట్‌కు కనీసం 21 రోజులు, కాల్షియం సల్ఫేట్‌కు 7 రోజులు ఇవ్వాలి. మొదట 20-25 డిగ్రీల నీటితో 3 రోజులు నడిపి, తర్వాతే పెంచాలి. తేమ కొలవకుండా టైల్స్, చెక్క వేయించకండి.